అక్క మీద వ్యాసం

ఫిల్ము స్కూల్లో రెండో ఏడు మొదలైన రోజున తమ్ముడు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, “అక్కా, ఈసారి నీ మీద వ్యాసం తీస్తున్నా” అన్నాడు.

అక్క ఇంటి ముందుగదిలోనే పుస్తకాలు బైండింగ్ చేస్తుంది. అప్పుడొక లావుపాటి నిఘంటువు ఊడిపోతే దాని ఫారాలన్నీ, అంటే మడత కాగితాల కట్టలన్నీ, సరిచేసి కుడుతోంది. పళ్ళ మధ్య దారం ఉంది. అయితే మాత్రం? దారం అడ్డొచ్చిందని ఆగే నోరు కాదు ఆవిడది.

“వ్యాసమా? చిన్నప్పుడు ఆవు మీద రాశావు చూడు, అట్లాంటిదేనా? ఆవు సాధు జంతువు. దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉండును. మరి నాకేమేం ఉండునని రాస్తావురా?”

“రాసేది కాదక్కా, తీసేది.”

“ఏం తీస్తావు, ప్రాణమా?”

గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటున్న బావ పకపకా నవ్వాడు. బావ సిటీ బస్సు డ్రైవరు. తెల్లారకముందే వెళ్ళి దీపాలు పెట్టాక వస్తాడు. రోజంతా హారన్ల మధ్య ఉండి వచ్చినవాడికి ఇంట్లో భార్య మాటలు హాయిగా ఉండేవంటే నమ్మండి. వీధిలో అందరూ ఆవిణ్ణి ‘రేడియో’ అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు, పైగా “మరి రేడియో లైసెన్సు కట్టారా?” అని అడిగేది.

ఈ వ్యాసం సంగతి కాస్త చెప్పుకోవాలి. అందులో హీరో ఉండడు, కథ ఉండదు, పాటలూ ఫైట్లూ అసలే ఉండవు. కంటికి పట్టినదాన్నల్లా కెమెరాతో పట్టుకొచ్చి, ఒక వరసలో పేర్చి, దాని మీద తీసినవాడు తన గొంతుతో తన ఆలోచన చెప్పుకుంటూ పోతాడు. చేతనైనవాడు చేస్తే చూసేవాళ్ళకి రోజూ చూసే వీధే కొత్తగా కనబడుతుంది. చేతకానివాడు చేస్తే వాడి గొంతు తప్ప ఇంకేమీ మిగలదు.

తమ్ముడికి ఆ విద్య నేర్పే మాస్టారికి ఒక నియమం ఉంది. “ముందు చెవిటివాళ్ళు కండి” అనేవారు మొదటి క్లాసులోనే. కెమెరాకున్న మైకు పీకేసి మరీ తీయాలి. శబ్దం ఉంటే మనుషుల మాటలు మిమ్మల్ని ముక్కుతాడు వేసి లాక్కుపోతాయి, బొమ్మ ఆలోచించడం మానేస్తుంది, మీ మాట తర్వాత వస్తుంది, అదొక్కటే మాట, అనేవారు. ఎవరైనా శబ్దంతో తీసుకొస్తే “బాగుందోయ్, పెళ్ళి ఎవరిది?” అని అందరి ముందూ పరువు తీసేవారు. మిగతా పిల్లలు ఆయన ముందు తలూపి, బయటికి వెళ్ళి ఎందుకైనా మంచిదని మైకు పెట్టుకునే తీసేవాళ్ళు. మనవాడు అట్లా కాదు. గురువు చెవిటివాడివి కమ్మంటే గుడ్డివాడు కూడా కాగల శిష్యుడు. మైకు పీకి, దాని స్పాంజి తొడుగుతో సహా బీరువాలో పడేశాడు. ఇక ఏడాది పైచిలుకు దాని మొహం చూడలేదు.

అమ్మా నాన్నా పోయినప్పుడు వాడికి నిక్కర్ల వయసు. అక్కే పెంచింది, పెళ్ళయ్యాక కూడా వెంటబెట్టుకొచ్చింది. మేడమీద గది వాడిది. పొద్దున్నే కెమెరా పట్టుకుని కిందికి దిగి, అక్క పనిచేసే బల్ల ముందు తిష్ట వేసేవాడు. సూది గుచ్చడం, దారం లాగడం, అట్టకి జిగురు పూసి బొటనవేలితో నొక్కడం, కటింగ్ మిషను పిడి దించితే కాగితపు అంచులు రిబ్బన్లలా రాలడం, అన్నీ తీశాడు. కిటికీలోంచి ఎండ ఎప్పుడెప్పుడు ఆ చేతుల మీదికి వస్తుందో వాడికి కంఠతా వచ్చు. తీస్తున్నంతసేపూ అక్క మాట్లాడుతూనే ఉండేది. కూతురి మీద ఫిర్యాదులు, పుస్తకం ఇచ్చి మరచిపోయిన లెక్చరరు కథలు, తమ్ముడికి చీవాట్లు, మధ్యలో కూనిరాగాలు. వాడు మధ్యమధ్య “ఊఁ” కొట్టేవాడు. “కదలకక్కా” అనేవాడు. వానలో కూర్చున్నవాడు చినుకు చినుకూ వింటాడా?

సినిమా తయారయ్యే నాటికి అందులో అక్క నోట్లో నాలుక లేని మనిషైపోయింది. చేతులే చేతులు. వాటి మీద తమ్ముడి గొంతు, నింపాదిగా, నిట్టూర్పులు కలిపి, శ్రమ గురించీ మౌనం గురించీ చెబుతూ ఉంటుంది. రేడియోని తీసుకెళ్ళి మౌనమూర్తిని చేసి కూర్చోబెట్టాడు మహానుభావుడు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, “కత్తెర వేయకుండా ఎంత పొడుగు షాట్లు ఉంచావోయ్! చూసే ఓపిక నీకుంది” అన్నారు. ఆ మాటకి వాడు వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ సరికే అక్క గొంతు బొంగురుపోయి చాలా కాలమైంది. ఎవరూ పట్టించుకోలేదు. “అంత వాగితే అరిగిపోదూ?” అన్నారు వీధివాళ్ళు. “రేడియోకి స్టేషను సరిగ్గా దొరకట్లేదు” అన్నాడు బావ కూడా, పాపం, నవ్వుతూనే. కాగితం దుమ్ము అనుకున్నారు, జిగురు వాసన అనుకున్నారు. వానలన్నీ అయిపోయాక ఒక ఉదయం దగ్గితే చేతిగుడ్డలో రక్తం పడింది. బావ డ్యూటీ మానేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. గొంతులో క్యాన్సరు, మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలి, లేకపోతే మనిషే దక్కదు అంది. తర్వాత, తిట్టాలని కాకపోయినా తిట్టినట్టే, “గొంతు మొదట పట్టేసినప్పుడే, వానలు పడకముందే వచ్చుంటే రేడియేషన్‌తోనే మాట కాపాడేవాళ్ళం. ఇన్ని నెలలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అమ్మా?” అని అడిగింది.

“చెప్పుకునేంత బాధేం లేకపోయిందండీ” అంది అక్క, ఆ గీరుకుపోయిన గొంతుతో.

బావ ఆ మాట పట్టుకుని తనని తాను తినేశాడు. భార్య మొహం వెలుతుర్లో చూసింది ఎప్పుడు? ఆదివారాలు. ఆదివారాలు కూడా నిద్రే. “ఇంట్లో ఉండి ఉంటే కనిపెట్టేవాణ్ణి” అని తమ్ముడితో వందసార్లు అన్నాడు. తమ్ముడు బావ భుజం మీద చెయ్యి వేసి, “నీ తప్పేముంది బావా” అని ఓదార్చాడు. ఓదార్చాడండీ, అదే చెప్తున్నాను.

ఆపరేషన్ దగ్గర పడ్డాక బావకి ఒక ఆలోచన వచ్చింది. ఫోను తీసి అక్క ముందు పెట్టి, “పిల్ల కోసం ఏదైనా చెప్పు. కథో, పాటో. దాచుకుంటాం” అన్నాడు. పిల్లంటే వాళ్ళ కూతురు, ఏడేళ్ళది. ఎప్పుడూ కిచకిచలాడుతుందని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు.

అక్క ఫోను పక్కకి నెట్టేసింది.

“ఈ గొంతొద్దు. ఇది నాది కాదు, కప్పది. పిల్లకి ఇది గుర్తుండిపోతే నేను ఒప్పుకోను. నా అసలు గొంతు వీడి దగ్గరుందిగా.” తమ్ముడి వైపు తిరిగింది. “ఏరా, ఉందా?”

“గంటలకొద్దీ ఉన్నావక్కా” అన్నాడు తమ్ముడు.

“అందులోంచి మంచివి ఏరి దానికియ్యి. నిద్రపోయేముందు వింటుంది. రోజూ కథ చెప్తే గానీ పడుకోదు, మీ బావకి కథలు రావు, బస్సు నంబర్లొచ్చు అంతే.” అంత బొంగురులోనూ నవ్వింది. “నాకు భయంగా లేదురా. నీ దగ్గర ఉన్నానుగా.”

వాడు అబద్ధమాడాడని అనుకోకండి. నిజంగానే ఉందనుకున్నాడు. అదే ఈ విద్యలో ఉన్న గొడవ. వాడు ఎడిటింగ్ గదిలో నెలలపాటు ఆ మూగ బొమ్మలే తిప్పి తిప్పి చూశాడు. తీసినప్పుడు ఎదురుగా ఉన్నవాడు కాబట్టి, అక్క పెదవి కదిలితే చాలు, ఆ గలగల వాడి చెవుల్లో దానంతటదే మోగేది. ఏమంటోందో కాదు, ఊరికే ఆ గలగల. బొమ్మలో శబ్దం లేదన్న సంగతి తెలుసు, కానీ అక్క గొంతు లేదన్న సంగతి వాడికి తట్టలేదు. వేరేవాళ్ళెవరికైనా ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. తీసినవాడికే తెలియలేదు.

ఆపరేషన్ అయింది. మనిషి దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అందులోంచే. ఇంటికొచ్చాక మొదటి రోజుల్లో అక్క అలవాటు కొద్దీ నోరు తెరిచి ఏదో అనబోయేది, గాలి కూడా రాకపోయేసరికి తన నోరే తనని మోసం చేసినట్టు చూసేది. ఆ చూపుని ఇంట్లో ఎవరూ తట్టుకోలేకపోయారు.

పిచ్చుక ఒక్కటే తొందరగా దారి కనిపెట్టింది. తల్లి పెదాల వంకే కళ్ళు పెట్టి చూసీ చూసీ, ఆవిడేమంటోందో గడగడా చెప్పేయడం నేర్చుకుంది. పెద్దవాళ్ళకి రెండోసారి మూడోసారి అడిగినా అర్థం కానిది దానికి ఒక్క చూపులో తెలిసిపోయేది. బైండింగుకి ఎవరొచ్చినా పక్కన నిలబడి, “అమ్మ ఎల్లుండి రమ్మంటోంది. అట్ట నీలంది కావాలా, మెరూనా అని అడుగుతోంది” అని చెప్పేది. అప్పుడప్పుడు సొంత సరుకు కూడా కలిపేది. “అమ్మ నన్ను ఐస్‌క్రీం కొనుక్కోమంటోంది” అంటే అక్క దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. అదే పిల్ల ఒక సాయంత్రం మేడమీదికొచ్చి, గుమ్మంలో నిలబడి, “మామయ్యా, అమ్మ తన గొంతు ఎప్పుడిస్తావని అడుగుతోంది” అంది.

“ఇదిగో, ఇప్పుడే తీస్తా” అని తమ్ముడు డిస్కు పెట్టాడు. అక్క కనబడింది, పెదాలు కదిలాయి. శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు, వైరు పీకి మళ్ళీ గుచ్చాడు. వేరే రోజుది తెరిచాడు, ఇంకో రోజుది, ఇంకో నెలది. అప్పుడు మైకు పడేసిన బీరువా వైపు చూశాడు.

“ఏం మామయ్యా?”

“కొంచెం బాగుచెయ్యాలమ్మా. నువ్వెళ్ళు.”

అక్కణ్ణించి వాడి తిరుగుడు మొదలైంది. అక్క పెళ్ళి వీడియో వెతికాడు. అందులో మొదట్నించి చివరిదాకా సినిమా పాటలే, మనుషుల మాట ఒక్కటి లేదు. ఫోన్లు వెతికాడు. ఎదురింటికి కూడా కేకేసి చెప్పే మనిషి ఫోన్లో మాట దాచిపెడుతుందా? ఇంట్లో అడిగితే ఈవేళ కాదు రేపన్నాడు, డిస్కు పాడైందన్నాడు, రిపేరుకిచ్చానన్నాడు. అక్క సరేనని తలూపేది. తమ్ముడు చెప్తే సరే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు గానీ, వీడికి ఆకులు కూడా దొరకలేదు.

చివరికి మాస్టారి గదికి వెళ్ళాడు. అంతా చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు కూడా. మాస్టారు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ విని, “చూశావా” అన్నారు. “నువ్వు మౌనం మీద తీశావు. ఆ మనిషికి నిజంగా మాట పోయింది. ఇప్పుడు నీ సినిమా ఎక్కడికో వెళ్ళిపోయిందోయ్. చివర్లో ఒక్క వాక్యం కలుపు, చాలు. ఏడ్చేస్తారు జనం.”

తమ్ముడికి ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టకపోగా, మెట్లు దిగుతుంటే ఆ ఒక్క వాక్యం దానంతటదే బుర్రలో తయారైపోయింది. బాగానే తయారైంది కూడా. వీధిలోకొచ్చి, గోడవైపు తిరిగి, ఛీ, నీ బతుకు చెడ అని తనని తనే తిట్టుకున్నాడు. అప్పుడనిపించింది, ఇక దాచకూడదని.

బావకి చెప్పాడు, బస్సు డిపో బయట, బావ డ్యూటీ దిగి వస్తుంటే పక్కన నడుస్తూ.

“నువ్వు తీసేటప్పుడు మీ అక్క నోరు కదల్లేదా?” అన్నాడు బావ.

“కదిలింది బావా.”

“మరి?”



ఇంటికొచ్చాక బావే అక్కకి చెప్పాడు. తమ్ముడు గుమ్మం అవతల నిలబడ్డాడు. అక్క విన్నది. కుడుతున్న పుస్తకాన్ని పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు, సూది విసిరికొడుతుందనుకున్నాడు. విసిరినా బాగుండేది. ఆవిడ మెడ మీది గుడ్డ సర్దుకుని, పిచ్చుక వైపు చూసి పెదాలు కదిపింది.

“పోనీలే, బొమ్మన్నా చూద్దాం, ఆదివారం పెట్టమంటోంది” అంది పిచ్చుక. తర్వాత తన సొంతంగా, “నాకు గొంతే కావాలి” అంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముందుగదిలో టీవీకి తగిలించి సినిమా పెట్టాడు తమ్ముడు. కర్టెన్లు వేశారు. జిగురు వాసన, కొత్త అట్టల వాసన. అక్క చాప మీద కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, బావ కుర్చీలో. తమ్ముడు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు, వీలైతే పారిపోవడానికన్నట్టు.

మొదటి బొమ్మ రాగానే వాడి గొంతు మొదలైంది. చేతుల గురించీ, కాలం గురించీ ఏదో అంటోంది. అక్క రెండు వాక్యాలు విని, భుజాలు కదిలేలా నవ్వింది. శబ్దం లేని ఆ నవ్వు చూడటం కష్టం. నవ్వి, రిమోట్ అందుకుని, తమ్ముడి గొంతు పూర్తిగా కట్టేసింది.

గది నిశ్శబ్దమైపోయింది. తెర మీద అక్క, అప్పటి అక్క, నిండుగా ఉన్న బుగ్గలతో, దారం కొరుకుతూ ఏదో అంటోంది.

“ఒరేయ్, కాలు తియ్యరా, జిగురు డబ్బా తన్నేస్తావు!” అంది పిచ్చుక.

అందరూ దాని వైపు తిరిగారు. అది మాత్రం టీవీ వంకే చూస్తోంది. రోజూ చేసే పనే కదా, దానికేం కొత్త.

“పెద్ద డైరెక్టరు గారొచ్చారు, తిన్న కంచం తియ్యడం మాత్రం రాదు... ఇది చూడండి, ఈ పుస్తకం ఎవడో దిండుగా పెట్టుకుని పడుకున్నాడు, తలనూనె మరకలు... మీ బావ ఈవేళ ఏం చేశాడో తెలుసా, నిద్రలో గేరు మార్చాడు, నా చెయ్యి పట్టుకుని!”

బావ ఒక్కసారిగా నవ్వాడు. నవ్వి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అక్క తెర మీది తనతో పాటు పెదాలు కదుపుతోంది. గుర్తొస్తోంది ఆవిడకి. పిచ్చుక గొంతు కూడా, ఆశ్చర్యం, తల్లి గొంతులాగే మాట చివర పైకి లేస్తోంది. ‘తియ్యరా’ అన్నప్పుడు అచ్చం అక్కే.

ఉంది, అనుకున్నాడు తమ్ముడు. పోలేదు. గంటలకొద్దీ ఉంది. పిచ్చుక చేత అంతా చెప్పించి రికార్డు చేస్తే, అక్క మాటలన్నీ అక్క కూతురి గొంతులో ఉండిపోతాయి. అక్కకిచ్చిన మాట నిలబడుతుంది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తలుపు వదిలిపెట్టి ముందుకొచ్చి, చాప అంచు మీద కూర్చున్నాడు. అక్క చెయ్యి చాపి వాడి జుట్టు చెరిపింది.

బొమ్మ మారింది. కిటికీ పక్కన అక్క, ఎండ సగం మొహం మీద. ఒక పక్కన నేల మీద పిచ్చుక కాగితపు ముక్కలు పోగేసుకుంటూ కెమెరా వైపు పళ్ళికిలిస్తోంది. చాలా పొడుగు షాటు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నది దీనికే. ఎడిటింగ్ గదిలో తమ్ముడు దీన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. వెలుగు చూశాడు, దారం చూశాడు. పెదాలు చూడలేదా అంటే, చూశాడు. వాటి మీద ఎండ భలే పడిందనుకున్నాడు.

“ఒరేయ్, కాసేపు అది పక్కన పెట్టరా” అంది పిచ్చుక, తెర వైపే చూస్తూ, అదే హుషారుతో. “నీకో మాట చెప్పాలి. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటోందిరా. మింగుతుంటే ముల్లులాగా. నాకు భయమేస్తోంది. మీ బావకి చెప్పకు, కంగారు పడతాడు, బస్సు నడిపేవాడు. నువ్వే ఒకసారి డాక్టరు దగ్గరికి...”

అక్క చెయ్యి పిచ్చుక నోటి మీద పడింది.

తెర మీద అక్క ఆగలేదు. కెమెరా వైపు, అంటే కెమెరా వెనకున్న వాడి వైపు, కాస్త వంగి చూస్తూ ఇంకా చెబుతోంది.

బావ మొహం మీంచి చేతులు తీశాడు. చాలా మెల్లగా అడిగాడు.

“ఇది ఎప్పుడు తీశావు?”

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క వాడి కళ్ళలోకే చూస్తోంది. పెదాలు కదిలాయి, చిన్నగా. పిచ్చుక చెప్పాల్సిన అవసరం లేకపోయింది. జీవితంలో మొదటిసారి వాడు అక్క పెదాలు తనంతట తను చదివాడు. చెప్పకు, అంటోంది.

ఏడాది పొడుగునా ఆవిడ ఎన్ని చెప్పిందో, ఒక్కటీ వాడి చెవికెక్కలేదు. ఇది ఎక్కింది. తనని కాపాడేది కాబట్టి ఎక్కిందా? వాడికి తెలుసు, అందుకే ఎక్కిందని.

“ఆస్పత్రికి వెళ్ళే ముందు వారం బావా” అన్నాడు.

పిచ్చుక తల విదిలించుకుని తల్లి చెయ్యి వదిలించుకుంది. “కాదు మామయ్యా! అందులో నాకు ముందు పళ్ళున్నాయిగా! అవి వానలు రాకముందే ఊడిపోయాయి!” అని నోరు తెరిచి, అక్కడ కొత్తగా వచ్చిన రెండు పళ్ళూ వేలితో చూపించింది.

అక్క కళ్ళు మూసుకుంది. తమ్ముడికి అక్క కాళ్ళ మీద పడాలనిపించింది, బావ చేత చెంపలు వాయించుకోవాలనిపించింది, చచ్చిపోవాలనిపించింది. ఏదీ చెయ్యలేక చాప అంచు పట్టుకుని కూర్చున్నాడు.

బావ లేచాడు. కొడతాడనుకున్నాడు తమ్ముడు. బావ వంగి, చాప మీంచి రిమోట్ తీసుకున్నాడు.

“ఇక్కడ నువ్వేం చెప్పావో విందాం” అన్నాడు.

అక్క వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. బావ అప్పటికే శబ్దం పెట్టేశాడు. తమ్ముడి గొంతు గది నిండా పరచుకుంది. ఎన్నోసార్లు చదివి చూసుకుని, ఎక్కడ ఊపిరి పీల్చాలో గుర్తు పెట్టుకుని, తీరిగ్గా, మెత్తగా చెప్పిన గొంతు.

“ఈ మనిషికి” అంటోంది అది, “ఎవరినీ ఏమీ అడగడం తెలియదు.”

తెర మీద అక్క ఇంకా అడుగుతూనే ఉంది.